కోర్టు రోజు చొక్కా

పొద్దున్నే షట్టర్ పైకి నెట్టి, కొట్టు ఊడ్చి, మిషన్‌కి కాస్త నూనె పోసి, నిన్నటి దారపు ముక్కలన్నీ ఏరి పారేశాకే టైలరమ్మ టీ గ్లాసు ముట్టుకునేది. ఆ టీ అయ్యేదాకా దేవుడొచ్చి పలకరించినా ఊఁ అనేది కాదు. ఆ సంగతి తెలిసిన కూతురు పక్కనే స్టూలు మీద కూర్చుని, రాత్రి ఫోనుకొచ్చిన కబుర్లన్నీ గోడకి చెబుతున్నట్టు చదివేది.

"ఎముకల వార్డులో ఆవిడకి కట్టు విప్పేశారట. పక్కలు తెరుచుకునే గౌను ఇక వద్దట, అందరిలాంటిదే కావాలట. లెక్కల మాస్టారి కేసు మళ్ళీ వాయిదా. బస్సు కండక్టరు ప్యాంటు సరిపోయిందట. పెళ్ళికొడుకులా ఉన్నాడని వాళ్ళావిడ మురిసిపోతోంది."

టీ అయ్యాక టైలరమ్మ మెడలో రెండు టేపులు వేసుకునేది. నీలం టేపు ఉన్న కొలత చెప్పేది. పసుపు టేపు రాబోయే కొలత చెప్పేది. నీలం టేపు మామూలు ఖాతాదారులకి. పసుపుది, తాగి బండి నడిపినవాళ్ళు గుద్దేసి పోయిన మనుషులకి. ఈ తేడా వీధిలో అందరికీ తెలుసు. ఎదురు బేకరీ ఆవిడైతే జాకెట్టుకి కొలతలిచ్చే ప్రతిసారీ, "ఆ పసుపుదాన్ని నా నడుం దగ్గరికి తేకు తల్లీ, తెలుసుకుని నేను చేసేదేముంది?" అని రెండడుగులు వెనక్కి వేసేది.

పసుపు టేపు మొదట అలాంటిది కాదు. కూతురు స్కూల్లో చదివే రోజుల్లో ఒక పెద్దమనిషి పీకలదాకా తాగి కారుని పేవ్‌మెంటు మీదికి ఎక్కించాడు. పిల్ల కుడిచెయ్యి పోయింది. ఆస్పత్రి మంచం పక్కన కూర్చున్న తల్లికి ఏడవడం తప్ప వచ్చిన విద్య కుట్టు ఒక్కటే. ఒంటిచేత్తో వేసుకుని, ఒంటిచేత్తో బొత్తాలు పెట్టుకునే గౌను కుడదామని కొలిచింది. ఆ బక్కచిక్కిన ఒంటికి టేపు ఎక్కడెక్కడి అంకెలో చెప్పింది. కళ్ళు చెదిరాయనుకుని మళ్ళీ కొలిచింది. మళ్ళీ అదే. సరేలెమ్మని చెప్పినట్టే కుట్టింది. పిల్ల కోలుకుని ఇంటికొచ్చే రోజుకి ఆ గౌను పోతపోసినట్టు సరిపోయింది.

పక్క మంచం మీదావిడ అది చూసి, "అక్కా, నాక్కూడా ఒకటి కుట్టిపెడతావా?" అంది. ఆ పక్క మంచం, ఆ పై వార్డు, అలా అలా పాకింది. చిరిగిన నల్లకోటు కుట్టించుకోడానికి వచ్చిన లాయరమ్మ, కొట్టు ముందు చక్రాల కుర్చీలూ చంక కర్రలూ బారులు తీరి ఉండటం చూసి, కోటు సంగతి మర్చిపోయి కేసుల సంగతి అడగడం మొదలెట్టింది. అదే సంఘమైంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా మీ సంఘం ఏం చేస్తుందని అడిగితే, కూతురు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది: "తాగినోడు గుద్దేసి పోతాడండీ. ఆ తర్వాత ఎవరూ రారు. మేం వస్తాం."

ఏళ్ళు గడిచాయి. పగలు కుట్టిన కూలితో సాయంత్రం సంఘం నడిచేది. బారు యజమాని ఒకడు విరాళం ఇస్తానని కవరు పట్టుకొస్తే, "విరాళం నీ దగ్గరే ఉంచుకో నాయనా, తాగినోళ్ళ బండి తాళాలు కూడా నీ దగ్గరే ఉంచుకో," అంది టైలరమ్మ. అతను మొహం మాడ్చుకుని వెళ్ళాడు గానీ, ఆ వారం నుంచే తాళాలు పుచ్చుకోవడం మొదలెట్టాడు. ఈ కబురు చెప్పుకునేటప్పుడు టైలరమ్మ ఛాతీ కాస్త పొంగేది. పొంగనివ్వండి, ఊరికే వచ్చిన గర్వం కాదది.

సంఘానికి ఒక పట్టింపు ఉంది. సాక్ష్యం చెప్పే రోజుకి ఎవరికైనా కొత్త బట్టలు కుట్టాల్సిందే. కూతురి కేసప్పుడు పిల్లని నలిగిన ఆస్పత్రి గౌనులోనే తీసుకెళ్ళారు. కోర్టులో అందరూ ఆ గౌను చూసి జాలిపడ్డారు, అంతే. ఎవరూ సరిగ్గా వినలేదు. "మనం దయ అడుక్కోడానికి పోవట్లేదు, నిజం చెప్పడానికి పోతున్నాం. అడుక్కునేవాళ్ళలా ఎందుకుండాలి?" అనేది టైలరమ్మ.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక పెయింటరు కుర్రాడి తల్లి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మావాడు గోడవైపు తిరిగి పడుకుంటాడమ్మా. రంగులేసేవాడు కదా, గోడని చూసుకుంటున్నాడేమో అనుకున్నా. కళ్ళు మూసుకునే ఉంటున్నాడు," అంది.

ఆ కుర్రాడూ, అతని జోడీ పనివాడూ సాయంత్రం పని దిగి ఒకే సైకిలు మీద వస్తుంటే కాంట్రాక్టరు కారు గుద్దింది. జోడీవాడు అక్కడికక్కడే పోయాడు. ఇతనికి నడుం కిందంతా చచ్చుబడింది. కారులోంచి తూలుతూ దిగింది కాంట్రాక్టరే. కానీ ఇప్పుడు బండి నడిపింది తన డ్రైవరని అంటున్నాడు. డ్రైవరు కూడా అవునంటున్నాడు, పాపం, పిల్లలు గలవాడు. చూసిన కళ్ళు ఈ కుర్రాడివే.

"ఇతను వచ్చి చెబితే కేసు నిలుస్తుంది. రాకపోతే కాంట్రాక్టరు దులిపేసుకుని ఇంటికెళతాడు, ఆ డ్రైవరు జైలుకెళతాడు," అంది లాయరమ్మ.

తల్లీకూతుళ్ళు పెయింటరు ఇంటికి వెళ్ళారు. అతను గోడవైపే ఉన్నాడు.

"కోర్టు రోజుకి చొక్కా ప్యాంటు కుట్టాలి బాబూ. కాస్త ఇటు తిరుగు."

"నేను రాను. నలుగురూ నన్ను ఎత్తి కుర్చీలో పడేస్తుంటే అందరూ చూడాలా?"

"రాకపోతే మానెయ్. కొలతలకేం? కొలవనీ."

టైలరమ్మ పసుపు టేపు తీసింది. ముందు ప్యాంటు. వెనక నడుం ఎత్తుగా, ముందు కిందికి రమ్మంది టేపు. కుర్చీలో కూర్చునేవాళ్ళకి వచ్చే కొలత అది. అన్నీ చూస్తున్న కుర్రాడి తల్లికి అర్థమైపోయింది.

"నిలబడతాడని చెప్పలేదా అమ్మా?"

"అది చెప్పనిది నేను చెప్పలేను వదినా," అంది టైలరమ్మ. ఆ మాట చెప్పడం ఎన్నేళ్ళయినా ఆవిడకి అలవాటు కాలేదు. పెయింటరు తల్లి కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాత భుజాలు. టేపు ఈ చివరి నుంచి ఆ చివరికి పట్టి, టైలరమ్మ అంకె చెప్పింది. ఎడమచేత్తో రాసుకుంటున్న కూతురు పెన్ను ఆపింది.

"ఎంతా?"

"చెప్పిందే. రాసుకో."

కుర్రాడు మొదటిసారి తల తిప్పాడు. "అదేంటి? అంత భుజాలు మా నాన్నకి కూడా లేవు. ఎందుకంత చెప్పింది?"

"నన్నడుగుతావేం? భుజాలు నీవి," అంది టైలరమ్మ, టేపు మెడలో వేసుకుంటూ.

చొక్కా తయారయ్యాక తీసుకెళ్ళి తొడిగితే, చిలక్కొయ్యకి తగిలించినట్టు వేలాడింది. కుట్టకముందు గుడ్డ మాత్రం అతనే కాస్త ఎంచాడు. లేత నీలం తెచ్చామంటే, "ఇది లేత నీలమా? బూడిద కలిసింది ఇందులో," అని విసుక్కున్నాడు. కళ్ళు తెరిచి చూశాడు కదా అని టైలరమ్మ లోలోపల సంబరపడి, మార్చి తెచ్చింది.

"ఇందులో నాలాంటోళ్ళు ఇద్దరు పడతారు," అన్నాడతను.

"అయితే ఆ రెండోవాణ్ణి కూడా తెచ్చుకో," అంది కూతురు. అనేశాక నాలుక్కరుచుకుంది. ఊరందరినీ మాటలతో ఆడించే పిల్ల, ఒక్కసారి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

పెయింటరు చొక్కా చేతులకేసి చూస్తూ మెల్లగా అన్నాడు. "రెండోవాడు నా వెనకే కూర్చున్నాడు. పాట పాడుతున్నాడు, శ్రుతి లేకుండా. ఆపరా అని నేను వెనక్కి తిరిగాను." ఆ ప్రమాదం గురించి అతను నోరు విప్పడం అదే మొదలు. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు. అతన్ని ఓదార్చడానికి వంగిన కూతురు తనూ ఏడ్చింది. టైలరమ్మ ఎవరినీ ఆపలేదు.

వెళ్ళేటప్పుడు చొక్కాని అతనికి ఎదురుగా మేకుకి తగిలించింది. మర్నాడు అతను చక్రాల కుర్చీ అడిగాడు.

నాలుగు బారలు తోసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. వీధి చివరి ఎత్తు సగం ఎక్కి వెనక్కి జారితే, కూతురు పైనుంచి, "ఏం పెయింటరూ, నిచ్చెనలెక్కినవాడివి ఈపాటి ఎక్కలేవా?" అని అరిచేది. "నువ్వు ఒంటిచేత్తో ఎక్కి చూపించు ముందు!" అని అతనూ అరిచేవాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడు. ఎత్తు ఎక్కాడు. కొట్టుదాకా వచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోలేక, కొట్టు గోడలకి తనకందినంత మేర రంగు వేశాడు. చొక్కా నెలనెలా తొడిగి చూసుకునేవాడు. వేలాడేది కాస్తా ఒదిగింది, ఒదిగింది కాస్తా నిండింది. సాక్ష్యం రోజు దగ్గరపడేసరికి టేపు చెప్పినట్టే అతికినట్టు సరిపోయింది.

ఆ రోజు కాంట్రాక్టరు తరఫు లాయరు వాయిదా అడిగాడు. ఆ తర్వాత మరొకటి. తనకి జ్వరమని ఒకసారి, కాగితాలు రాలేదని ఒకసారి. విసిగిపోతే కుర్రాడే మానేస్తాడని వాళ్ళ లెక్క. అతను ప్రతి వాయిదాకీ తన కుర్చీ తనే తోసుకుంటూ వెళ్ళి, తనే తోసుకుంటూ తిరిగొచ్చాడు. మధ్యలో ఆస్పత్రికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళ మంచాల పక్కన కూర్చోవడం కూడా మొదలెట్టాడు.

చివరికి పిలిచారు. కోర్టు గది కిక్కిరిసింది. సంఘంవాళ్ళంతా వచ్చారు. టైలరమ్మ ముందు వరసలో కూర్చుని, కోర్టులో ఊపిరి పీల్చుకోవడానికి కూడా అనుమతి కావాలేమో అన్నట్టు బిగుసుకుంది. అవతలి మూల డ్రైవరు తలొంచుకుని ఉన్నాడు.

"ఏం పని చేస్తారు?" అని అడిగారు జడ్జిగారు.

"గోడలకి రంగులేస్తానండీ. కింది సగం నేను. పై సగానికి మనిషిని పెట్టుకున్నా."

గది నవ్వింది. జడ్జిగారు కూడా పెదవి కొరుక్కున్నారు. అవతలి లాయరు మాత్రం నవ్వకుండా కోడిగుడ్డుకి ఈకలు పీకడం మొదలెట్టాడు. చీకటి పడుతోంది కదా, దెబ్బ తగిలి ఉన్నావు కదా, స్పృహ ఉందా, ఉంటే ఎంత ఉంది.

"నువ్వు నేల మీద పడి ఉన్నావు. ఎవరు దిగారో నీకెలా కనిపిస్తుంది?"

"నేల మీద పడి ఉన్నాను కాబట్టే కనిపించిందండీ," అన్నాడు పెయింటరు. "స్టీరింగ్ వైపు తలుపు నా మొహానికి మూరెడు దూరంలో తెరుచుకుంది. దిగినాయన తూలి నా చెయ్యి మీద కాలేశాడు. కింద ఎవరైనా ఉన్నారా అని వంగి చూశాడు. నన్ను చూశాడు. నేనూ చూశాను. మావాడు అప్పటికి పాడటం ఆపేశాడు."

"ఎవరతను? ఈ గదిలో ఉన్నారా?" అన్నారు జడ్జిగారు.

పెయింటరు కుడిచెయ్యి పూర్తిగా చాచి కాంట్రాక్టరుని చూపించాడు. అప్పుడే పటుక్కుమని ఒక చప్పుడు. చొక్కా వెనక, భుజం దగ్గర కుట్టు చంకదాకా విడిపోయింది. అతను పట్టించుకోలేదు. చాచిన చెయ్యి దించలేదు. మూలనున్న డ్రైవరు రెండు చేతుల్లో మొహం దాచుకుని, "అవునండీ, అయ్యగారే నడిపారండీ," అని భోరుమన్నాడు.

ఇన్నేళ్ళలో పసుపు టేపు చెప్పిన కొలత దాటినవాళ్ళు లేరు, ఈ కుర్రాడే మొదటివాడు. తను కుట్టిన కుట్టు నలుగురిలో విడిపోతే ఏ టైలరుకైనా తల తీసేసినట్టుంటుంది. వెనక వరసలో ఎవరో పెద్దావిడ ముందుకి వంగి గుసగుసగా అంది, "అయ్యో పాపం, ఏ టైలరు కుట్టాడో గానీ, నిండు కోర్టులో చొక్కా చిరిగిపోయిందే!"

టైలరమ్మ వెనక్కి తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు, గొంతు తగ్గించలేదు.

"నేనే కుట్టానమ్మా," అంది.