మసి ఎక్కని మెట్లు

కుక్కలకు తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టి మాస్టారికి ఇరవయ్యారేళ్లయింది. మొదటి పద్దెనిమిదేళ్లూ ఆయన చేతిలో గొలుసు, బెత్తం ఉండేవి. ఎంత మొండి కుక్కయినా పదిహేను రోజుల్లో దారికొచ్చేది. ఒకసారి గొలుసు బిగిసి ఒక కుక్కపిల్ల ఆయన చేతుల్లోనే స్పృహ తప్పింది. ఆ రోజుతో రెండూ అవతల పారేశాడు. అప్పటినుంచి జేబులో ఉడికించిన మాంసం ముక్కలు, నోట్లో మెత్తటి మాట. కుక్క అలిసిపోతే ఆ పూటకు చాలించేవాడు.

"ఆ ఓపికలో పావు వంతు నామీద చూపించినా బతికిపోయేదాన్ని" అని భార్య దెప్పేది.

రిటైరైన నర్సమ్మ ఒకావిడ కబురు పెట్టింది. భర్త పోయాడు. చెల్లెలి ఇంటికి, మూడో అంతస్తుకు మారాలి. లిఫ్టు లేదు. మసి అనే ఆవిడ పదేళ్ల కుక్క మెట్లెక్కనంటోంది. పిల్లగా ఉన్నప్పుడు దానికి నేర్పింది మాస్టారేనట.

ఆయన గేటు తీయగానే వరండాలో ఉన్న మసి నేలకు అతుక్కుపోయింది. దాని కింద తడి పాకింది.

పెద్దదైపోయింది, ఆపుకోలేదు అంటూ నర్సమ్మ నొచ్చుకుంది.

మూడు వారాలు రోజూ పొద్దున్నే వెళ్లి, దానికి వీపు పెట్టి ఆ ఇంటి మేడమెట్లమీద కూర్చున్నాడు. ముక్కలు వెనక్కి జారవిడిచేవాడు. ఆయన గేటు దాటాకే మసి వాటిని ముట్టేది. చివరికి దాచలేక చెప్పేశాడు.

"వయసు కాదమ్మా, భయం. చిన్నప్పుడు దీన్ని ఈ మెట్ల దగ్గరే కొట్టాను."

"మా ఆయన చూస్తుండగానేనా?"

"వద్దన్నారు. కొట్టకపోతే చెడిపోతుందని నేనే ఆయన నోరు మూయించాను."

ఆవిడ మసి చెవులు నిమిరింది.

"ఇన్నేళ్లూ మేడమీదికి రాకపోతే బద్ధకం అనుకున్నాం. రేపటినుంచి మీరు రాకండి."

ఎలా నేర్పాలో కాగితం మీద రాసిచ్చి వచ్చేశాడు. ఆవిడ నానా తంటాలు పడింది గానీ మసి నాలుగో మెట్టు దాటలేదు. రోజూ మూడంతస్తులు మోసుకు తిరిగే బరువూ కాదది. ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజు రానే వచ్చింది. మాస్టారి పెరట్లో కావలసినంత చోటుంది. కానీ ఆ కుక్కను నాకివ్వండి అనడానికి ఆయనకు నోరు రాలేదు. మసిని ఊరిచివర, దిక్కులేని కుక్కల్ని సాకే చోట వదిలారు.

ఆదివారాలు అక్కడికి వెళ్లేవాడు. లోపలికి పోకుండా మాంసం పొట్లం కాపలాదారు చేతికిచ్చి, తింటోందా అని అడిగేవాడు. ఏదో కాస్త కతుకుతోందని చెప్పేవాడతను. ఐదో ఆదివారం పొట్లం అందుకోలేదు. గురువారం పోయింది సార్, అన్నాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు.

"మీరు మారారు కదండీ" అంది ఆవిడ.

"దానికి తెలీదుగా" అన్నాడు.