ప్రయాణం కూరలు

"నీకేమ్మా, హాయిగా ఊళ్లు తిరుగుతావు" అంది అత్తగారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

కోడలు తెల్లవారకముందే లేచింది. ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద వేపుడు, బల్ల నిండా మూతలు తీసిన డబ్బాలు. మధ్యాహ్నం బండి. బట్టలింకా సర్దుకోలేదు గానీ, ఇంటిల్లిపాదికీ మూడు రోజుల తిండి మాత్రం ఫ్రిజ్‌లోకి ఎక్కాలి. పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఉద్యోగం పని మీద ఊరెళ్తానన్నప్పుడు భర్త ఎంతో పెద్దమనసుతో, "వెళ్లొద్దని ఎవరన్నారు? తిండికి లోటు లేకుండా చూసి వెళ్లు" అన్నాడు. ఆ మాటే ఇంట్లో శాసనమైపోయింది. ఆయనా ఆఫీసు పని మీద ఊళ్లకెళ్తాడు. అప్పుడు ఆయన పెట్టె కూడా ఈవిడే సర్దుతుంది.

ఆసుపత్రుల్లో రక్తపరీక్షలు చేసే యంత్రాలు బిగించడం, అవి మొరాయిస్తే వెళ్లి దారికి తేవడం ఆమె ఉద్యోగం. ఊళ్లు తిరగడమంటే అత్తగారు ఏం ఊహించుకుంటుందో గానీ, ఆమె చూసిన ఊళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. స్టేషను, టాక్సీ, ఆసుపత్రి వెనక గుమ్మం, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు గోడ కనబడే లాడ్జి గది. దారి పొడుగునా గొంతెండిపోతున్నా నీళ్లు తాగదు. తాగితే ఆ మరుగుదొడ్ల మొహం చూడాల్సొస్తుంది. బరువైన పనిముట్ల పెట్టె ఈడ్చుకుంటూ ల్యాబులో అడుగు పెట్టగానే అక్కడివాళ్లు ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తారు. "ఇంజనీరుగారు వస్తున్నారా అమ్మా?" అంటారు. "నేనేనండీ" అని చెప్పీ చెప్పీ ఆమెకే ఆ మాట మీద నమ్మకం పోతోంది.

యంత్రంలో తల దూర్చి ఉండగా ఇంటినుంచి భర్త ఫోను మోగుతుంది.

"పాప తెల్ల సాక్సు ఎక్కడున్నాయి?"

"రెండో అరలో, తువ్వాళ్ల కింద."

"లేవే."

"తువ్వాలు పైకెత్తి చూడండి."

"ఆ... ఉన్నాయి."

పక్కన నిలబడ్డ టెక్నీషియన్ మెచ్చుకోలుగా నవ్వుతాడు. "మీరు లేకపోతే ఇంట్లో చెయ్యి ఆడదన్నమాట మేడమ్!" ఆమె ఆఫీసులో మేనేజరు మగవాళ్లతో "రేపు బయల్దేరు" అంటాడు, ఆమెతో మాత్రం "ఇంట్లో అడిగి చెప్పండి మేడమ్" అంటాడు. ఆమె ఇంటికొచ్చి అడగడం మానేసి చాలాకాలమైంది. నేరుగా కూరగాయలు కొనుక్కొస్తుంది. సంచీ చూడగానే ఇంట్లోవాళ్లకు విషయం అర్థమైపోతుంది.

ఇంత చేసినా ఊళ్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఫోనులో వంట మీద తీర్పు వినాల్సిందే. "చిక్కుడుకాయ ముదిరిందట, అమ్మంటోంది." "పప్పులో పులుపు చాల్లేదట." లాడ్జి మంచం మీద కూర్చుని ఎండిన రొట్టె నములుతూ, వచ్చేసారి పులుపు ఇంకాస్త వెయ్యాలని ఆమె అనుకునేది. గుర్తుపెట్టుకుని వేసేది కూడా.

ఈసారి ఊరు చేరాక తెలిసింది, బిగించాల్సిన యంత్రమే ఇంకా రాలేదని. "మీకు చెప్పడం మర్చిపోయాం మేడమ్" అన్నారు ఆసుపత్రివాళ్లు. మర్నాడు పొద్దున్నే బండెక్కి మధ్యాహ్నానికి ఇంటికొచ్చింది. భర్త ఆఫీసులో, పాప బడిలో, అత్తగారు పై అంతస్తు స్నేహితురాలి దగ్గర. తన తాళంచెవితో తలుపు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. డబ్బాలన్నీ తళతళా కడిగి బోర్లించి ఉన్నాయి. మూడు రోజుల వంట ఒక్క రోజులో ఊడ్చేశారా! పిచ్చిమొహం, కాసేపు సంతోషపడింది కూడా.

చేతిలో నలిగిన టిక్కెట్టు పారేద్దామని చెత్తబుట్ట మూత ఎత్తింది. కవరులో పప్పూ, వేపుడూ, చిక్కుడుకాయా కలగలిసి ముద్దగా ఉన్నాయి. వండినదాంట్లో చెంచాడు కూడా తగ్గలేదు. పైన హోటలు నుంచి తెప్పించుకున్న భోజనం తాలూకు ఖాళీ అట్టపెట్టెలు. ఏ ఊరు నుంచి వచ్చినా డబ్బాలు ఇలాగే మెరుస్తూ ఉండేవి. పాపం అత్తయ్య కడిగిపెట్టారే అని అప్పుడల్లా మనసు కరిగిపోయేది. మరి ఆ ముదిరిన చిక్కుడుకాయ, చాలని పులుపు ఎవరి నాలుకకు తగిలాయి?

అందరూ వచ్చేదాకా ఆ కవరు బల్ల మీదే పెట్టి కూర్చోవాలనుకుంది. అడగాల్సిన మాటలన్నీ పేర్చుకుంది. కానీ అడిగితే ఏమవుతుంది? "సరే, ఇక వండకు" అంటారు. ఆ తర్వాత దేన్ని చూపించి గుమ్మం దాటాలి? తెల్లవారుజామున లేచి పడే ఆ చాకిరీ ఒక్కటే ఆమెను బయటికి పోనిస్తోంది. అది అక్కర్లేదని తేలితే ఉద్యోగమే అక్కర్లేదంటారు. చెత్తబుట్ట మూత మూసింది. బయటికొచ్చి తాళం వేసి, పెట్టె ఈడ్చుకుంటూ వెళ్లి బస్టాపులో కూర్చుంది. పొద్దుగూకుతుండగా ఫోన్ చేసి, పని రద్దయింది, దారిలో ఉన్నానని చెప్పింది.

"కూరలన్నీ పిల్లే ఇష్టంగా తినేసిందమ్మా" అంది అత్తగారు గుమ్మంలోనే.

"చిక్కుడుకాయ బాగుందా కన్నా?" అని పాపను అడిగింది. పాప ముందు నాయనమ్మ మొహంలోకి చూసింది. తర్వాత, "సూపర్ అమ్మా" అంది. అంత చిన్నపిల్లకు అప్పుడే ఎంత బాగా నేర్పారు! ఆ చూపుకే ఆమెకు ఏడుపొచ్చింది. స్నానానికని వెళ్లి కుళాయి తిప్పుకుంది.

వారం తిరక్కుండానే మళ్లీ ప్రయాణం. "ఈసారి బీన్స్ చెయ్యి, నిలవుంటాయి" అంది అత్తగారు, అదే కుర్చీలో కూర్చుని. ఆమె బీన్స్ చేసింది, పప్పు చేసింది, వేపుడు చేసింది. దేంట్లోనూ ఉప్పు వెయ్యలేదు. మరచిపోయి కాదు. ఎవరో ఒకరు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోవాలి, తూ అని ఉమ్మి, ఫోన్ చేసి ఇదేం వంటని తిట్టాలి. ఆ తిట్టు తినాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో!

మర్నాడు రాత్రి భోజనాల వేళ దాకా ఆగింది. పనిముట్లు పక్కన పెట్టి ల్యాబు మెట్ల మీద కూర్చుని తనే భర్తకు ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"ఆ, ఇప్పుడే."

"కూర ఎలా ఉంది?"

"బానే ఉంది. ఉప్పే కాస్త ఎక్కువైందట, అమ్మంటోంది."

లోపలినుంచి ఎవరో "ఇంజనీరుగారేరీ?" అని అడుగుతున్నారు.

"సరే, వచ్చేసారి తగ్గిస్తానని చెప్పండి" అంది.