పొద్దుటి చేతిరాత

నేను ఒక పరీక్ష అట్టను. మీరు ప్యాడ్ అంటారు. గోధుమ రంగు గట్టి అట్ట, నెత్తిన ఒక ఇనుప క్లిప్పు, అంతే నా ఒళ్లు. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను కోసి, మూలలు గుండ్రంగా చేసి, క్లిప్పు బిగించారు. నన్ను అమ్మిన షాపాయన ఆ క్లిప్పును టకటక కొట్టి చూపించి, "పదేండ్లయినా వదులు కాదు" అని గొప్పలు పోయాడు. నేనూ పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నన్ను మొదట కొన్నది ప్రణవి. పదో తరగతిలో ఆమెకు పదికి పది వచ్చాయి. చదివింది ఆ పిల్ల, రాసింది ఆ పిల్ల, పేరు మాత్రం నాకొచ్చింది. 'కలిసొచ్చిన ప్యాడ్' అని నాకు బొట్టు పెట్టి మరీ, తన చిన్నమ్మ కూతురు అశ్విత పదికి రాగానే ఆమె చేతిలో పెట్టింది. అట్టముక్కలో అదృష్టం ఉందంటే మనుషులు ఇట్టే నమ్ముతారు. పదిహేనేళ్ల పిల్ల వేళ్లలో నొప్పి ఉందంటే మాత్రం వాళ్లకు ఎక్కడలేని అనుమానాలూ పుట్టుకొస్తాయి.

అశ్వితకు పదమూడో ఏట కీళ్లవాతం వచ్చింది. మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు పొద్దున లేచేసరికి బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్లమ్మ భూలక్ష్మి బీడీలు చుడుతుంది. రోజూ వేడినీళ్ల గిన్నెలో కూతురి చేతులు ముంచి ఒక్కో వేలూ నిమురుతుంది. పదకొండు దాటాక గానీ అవి వదులు కావు. మధ్యాహ్నం చూసినవాళ్లకు ఏ లోటూ కనిపించదు. నొప్పి పోయిందని కాదు, కనిపించదు, అంతే. వాడకట్టులో అందరిదీ ఒకటే మాట: "గది ముసలోళ్లకొచ్చే రోగం గదా, పోరికెట్లొస్తది?"

బడిలో ఎనిమిదింటికే స్పెషల్ క్లాసు, కూర్చోగానే స్లిప్ టెస్టు. ఆ వేళప్పుడు అశ్విత వేళ్లతో నా క్లిప్పు నొక్కలేకపోయేది. రెండు అరచేతుల మధ్య పెట్టి అదిమి, పెదవి పంటి కింద బిగబట్టి, ఎలాగో కాగితం దూర్చేది. అక్షరాలు గీత దాటి పడిపోయేవి. ఆరు లెక్కలూ వచ్చిన పిల్ల రెండు చేసేసరికి కాగితాలు లాగేసుకునేవారు. సాయంత్రం ఇంట్లో అదే చెయ్యి హోంవర్కును ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేది.

లెక్కల సుదర్శన్ సారు ఒకరోజు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆయన కనిపెట్టింది ఏమిటో తెలుసా? హోంవర్కు ఇంకెవరో రాసిపెడుతున్నారట.

"పొద్దుగాల చేతులు నొస్తయి సార్," అంది అశ్విత.

"రాయబుద్ధి గాకుంటే అందరికీ నొస్తయి," అన్నారాయన. భూలక్ష్మిని పిలిపించారు. "పిల్ల హోంవర్కు ఇంట్ల ఎవలు రాస్తున్నరమ్మా? నువ్వేనా?"

"నాకు సంతకం పెట్టుడే రాదు సార్. ఏలిముద్ర ఏస్త," అంది భూలక్ష్మి.

సారు నవ్వారు. క్లాసంతా నవ్వింది. నాకు చేతులుంటే ఆ రోజు ఏం చేసేదాన్నో చెప్పలేను.

పదో తరగతి పరీక్షల్లో అదనంగా గంట ఇవ్వాలంటే డాక్టర్ల శిబిరంలో వైకల్యం ఉందని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ గంట లేకపోతే అశ్విత వచ్చిన లెక్కలు కూడా రాయలేక తప్పుతుంది. శిబిరం రోజు పెద్ద డాక్టరు ముందుకు పోతున్నామని భూలక్ష్మి కూతురి చేతులు రెండుసార్లు వేడినీళ్లలో ఉంచింది, నొప్పి మాత్ర వేసింది, తల దువ్వి మంచి డ్రెస్సు తొడిగింది. పెద్దవాళ్ల ముందు పిల్ల బాగా కనిపించాలని ఆ తల్లి తాపత్రయం. రిపోర్టులన్నీ నా క్లిప్పు కింద పెట్టుకుని వెళ్లారు. వంతు వచ్చేసరికి మూడయింది. డాక్టరు రిపోర్టులు అడిగితే అశ్విత క్లిప్పు నొక్కి తీసిచ్చింది. పిడికిలి బిగించమంటే బిగించింది. నొప్పి ఉందా అంటే, మర్యాదకు, "కొంచెం సార్" అంది. ఆయన తల ఎత్తకుండానే "మంచిగనే ఉంది గదా" అని కాగితాలు తిప్పి ఇచ్చేశాడు.

తను చేసిన పని ఏమిటో తెలిశాక భూలక్ష్మి తల బాదుకుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. పిల్ల ఏడుస్తూ, జుట్టు విరబోసుకుని వస్తే తప్ప నమ్మని ఆ డాక్టరు మీద వచ్చింది.

నెల తర్వాత ఆఖరి శిబిరం. ఆ పొద్దున పొయ్యి మీద నీళ్లు పెట్టబోతే అశ్విత ఆపింది.

"నీళ్లద్దమ్మా. గోలీ గూడ అద్దు."

"ఎట్లోర్సుకుంటవు బిడ్డా?"

"గిట్ల పోకుంటే గా డాక్టరుకు ఎట్ల కనవడ్తది?"

మొదటి బస్సుకే బయలుదేరారు. మోకాలు వంగక మెట్టు ఎక్కలేకపోతే తల్లి వెనక నుంచి ఎత్తి ఎక్కించింది. కండక్టరు విసుక్కున్నాడు. శిబిరంలో రెండో టోకెన్ దొరికింది. డాక్టరు రిపోర్టులు అడిగాడు. అశ్విత నా క్లిప్పు నొక్కింది. నేను తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. భూలక్ష్మి చెయ్యి చాపితే, "నువ్వాగమ్మా" అంది. మూడోసారి నేను జారి కింద పడ్డాను. అప్పుడు తల ఎత్తాడాయన. ఆ వేళ్లు పట్టుకుని వంచి చూడబోతే పిల్ల గట్టిగా కేకపెట్టింది. ఐదు నిమిషాల్లో సంతకమైంది. సర్టిఫికెట్ వచ్చిందని నేను సంబరపడాలట. ఒక పిల్ల తన మందు తాను మానుకుని, ఒళ్లు హూనం చేసుకుని వస్తే గానీ ఆయన కలం కదల్లేదు. బయటికి రాగానే భూలక్ష్మి కొంగులోంచి మాత్ర తీసి కూతురి నోట్లో వేసింది.

మర్నాడు అశ్విత ఆ సర్టిఫికెట్ సుదర్శన్ సారుకు చూపించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. గొంతు మెత్తబడింది.

"అయ్యో, గింత నొప్పి ఉంటే ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా?"

అశ్విత ఆయన ముఖంలోకి సూటిగా చూసింది.

"రోజూ చెప్పిన సార్," అంది.

ఆయన సర్టిఫికెట్‌ను మళ్లీ చదవసాగారు.