ఉస్మాన్ మొదటి మాట

నరసరావుపేటలో లారీ మెకానిక్ అబ్దుల్ మజీద్ కొడుకు ఉస్మాన్‌కు నాలుగో ఏడు వచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు, నవ్వేవాడు. నోటినుంచి మాత్రం ఒక్క మాటా రాదు.

పక్కింటి కృపామణి బడి పంతులమ్మ. బీఈడీ చదివిన కొత్త. పిల్లలు విన్నదాన్ని అనుకరిస్తారనీ, మెచ్చుకుంటే మళ్లీ అంటారనీ, మాటలు అట్లాగే వస్తాయనీ చదువుకుంది.

"ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పిల్లోడికి ఏది పట్టుకోవాలో తెలీట్లా మెహరున్నీసా. బళ్లో పనికొచ్చేది తెలుగే గదా, వాడితో అదే మాట్లాడు," అంది.

తల్లి మెహరున్నీసా నమ్మింది. కానీ ఆమెకు వచ్చింది బజారు తెలుగు. బిడ్డను ముద్దుచేసే మాటలు అందులో లేవు. మెల్లగా వాడితో మాట్లాడటమే తగ్గిపోయింది. ఇంట్లో ధారగా వినిపించేది తెల్లవారుజామున ఆమె చదివే ఖురాన్ ఒక్కటే. ఆ అరబ్బీకి అర్థం ఆమెకూ తెలియదు, చిన్నప్పుడు వల్లెవేసి నేర్చుకున్నదే.

ఒక పొద్దున కృపామణి కాఫీపొడి కోసం గిన్నె పట్టుకుని గడపలోకి వచ్చింది. మెహరున్నీసా ఖురాన్ మొదటి అధ్యాయం అల్హమ్దు సూరా చదువుతుండగా దగ్గుతెర వచ్చి ఆగింది. ఆగిన చోటినుంచి ఉస్మాన్ అందుకున్నాడు. ఒక్క అక్షరం పోకుండా, తల్లి తీసే దీర్ఘాలే తీస్తూ చివరిదాకా చదివాడు.

కృపామణి చేతిలో గిన్నె జారిపడింది. మెహరున్నీసా బిడ్డ ముఖం చేతుల్లోకి తీసుకుని, "నేనెవర్నిరా? అమ్మా అను," అంది.

వాడు నవ్వాడు. అంతే.

మధ్యాహ్నానికి వీధి వీధంతా కదిలొచ్చింది. వాడిచేత నీళ్లలో ఊదించుకుని తాగితే రోగాలు పోతాయని గ్లాసులతో నిలబడ్డారు. మజీద్ పని వదిలేసి పరుగెత్తుకొచ్చి, "అల్లా మహిమే ఇది," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మెహరున్నీసా తలుపు వేసేసింది.

"మహిమే కానీయండి. ఆకలేస్తే అన్నం అడగలేని బిడ్డ వాడు. వాళ్లను పొమ్మనండి."

సాయంత్రం కృపామణి వచ్చింది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది.

"నేను చెప్పింది తప్పమ్మా. ఎవరూ నేర్పలా, ఎవరూ మెచ్చుకోలా. ఇన్నాళ్లూ లోపల పోగేసుకున్నాడు. ఇదేందో నా చదువుకు అందట్లా. నీ నోటికి ఏదొస్తే అది మాట్లాడు. చానా మాట్లాడు."

మెహరున్నీసా ఉర్దూలో మాట్లాడింది. వండుతూ, ఉతుకుతూ, కసురుకుంటూ, బుజ్జగిస్తూ మాట్లాడింది. వానలు మొదలైన రోజుల్లో ఉస్మాన్ ఆమె కొంగు లాగి, "అమ్మీ, పానీ," అన్నాడు.

నీళ్లివ్వడం కూడా మరిచి, వాణ్ణి చంకనేసుకుని కృపామణి ఇంటికి పరుగెత్తింది. ఏమైందని కృపామణి అడిగేలోపే వాడు ఆమె చీర పట్టుకున్నాడు.

"టీచరమ్మా, నీళ్లు."

ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. వాడు విసుగ్గా మళ్లీ అడిగాడు.