కొట్టివేతకో మార్కు

పెట్టె మాష్టారి దృష్టిలో ఇంజినీరింగంటే స్కేలు పెట్టి గీతలు గీయడం. ఇచ్చినవి, కావలసింది, బొమ్మ, అనుకున్నవి అని వరసగా రాసి, చివర జవాబు చుట్టూ పెట్టె గీస్తేనే అది లెక్క. వంతెన కూలినా ఫరవాలేదు, పెట్టె వంకర పోకూడదు. కొట్టివేతకో మార్కు కోత.

ఆయన తరగతిలో ఒక పిల్ల ఉంది. ఈ హోంవర్కులో పదికి ఎనిమిదైనా రాకపోతే ఆ పిల్లను పరీక్షకు కూర్చోనివ్వరు. బీమ్ లెక్క రెండుసార్లు తప్పి, కొట్టేసి, మూడోసారి తేల్చింది. "అనుకున్నవి" కింద నిజాయితీగా ఇలా రాసింది: "నా కాలిక్యులేటర్‌లో ఎనిమిది మీట పడటం లేదు. అందుకని గురుత్వాకర్షణ 9.8కి బదులు 10 తీసుకున్నాను."

అదే తరగతిలో చదివే మేనత్త కొడుకు వచ్చాడు.

"మరదలా, పుస్తకం ఒక్కసారి చూసిస్తా."

"చూడు బావా, నీ పుస్తకంలోకి ఎక్కించకు."

"ఛ, నా మీద ఆ మాత్రం నమ్మకం లేదూ?"

ఆయనగారు చూసిచ్చారు. ఆయన దగ్గర మిగతావాళ్ళూ చూసిచ్చారు.

సోమవారం మాష్టారు నలభై పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు.

"పాపం, నలభై కాలిక్యులేటర్లకీ ఒకే జబ్బు! అంటువ్యాధా నాయనా? అన్నీ బల్లల మీద పెట్టి ఎనిమిది నొక్కండి. ఎవరిది పడకపోతే లెక్క వాళ్ళది. తక్కినవాళ్ళకి సున్నా."

నలభై కాలిక్యులేటర్లలోనూ ఎనిమిది పడింది. ఆ పిల్లదీ పడింది. ఏడాదిగా "రేపు బాగుచేయిస్తానమ్మా" అంటున్న నాన్నకి మాట నిలబెట్టుకోవడానికి నిన్నటి ఆదివారమే దొరికింది. భగవంతుడు మొర ఆలకిస్తాడు, సందేహం లేదు. కాస్త వేళ చూసుకుని ఆలకిస్తే ఆయన సొమ్మేం పోతుందో!

"సార్, అది నా లెక్కే."

"అందరూ ఆ మాటే అంటారమ్మా. రుజువేదీ?"

"నా పుస్తకంలో రెండు కొట్టివేతలున్నాయి సార్. మొదట బరువు తప్పు చోట పెట్టాను. తర్వాత కొలత తప్పు రాశాను. ఇంకెవరి పుస్తకంలోనైనా ఉన్నాయేమో చూడండి."

మాష్టారు ఒక్కొక్కటే తిరగేశారు. బావ పుస్తకం అద్దంలా ఉంది, పెట్టెకి రంగు పెన్సిలు కూడానూ.

"ఏమయ్యా, ఇంత లెక్కలో ఒక్కచోటా తడబడలేదే?"

"అంతా దైవకృప సార్."

"అయితే మార్కులూ ఆయన్నే అడుగు."

ముప్పైతొమ్మిది సున్నాలు చుట్టాక మాష్టారు ఆ పిల్ల పుస్తకం తీసి పది వేశారు. అంతలో నియమం గుర్తొచ్చింది. పది కొట్టేసి, ఎనిమిది వేసి, చుట్టూ స్కేలుతో పెట్టె గీశారు.

ఆ కొట్టివేతకు మాత్రం ఎవరూ మార్కు కోయలేదు.