మూరెడు పక్కన

గని కప్పు కూలి లోపల ఇద్దరు చిక్కుకున్నారు. అందులో ఒకడు మా బావమరిది. మా ఆవిడ పోయాక కూడా ఆదివారమైతే చాలు, వచ్చి, "బావా, నీ వంట తింటుంటే అక్క ఎందుకు తొందరపడిందో అర్థమవుతోంది" అని ఏడిపించి, మెతుకు మిగల్చకుండా తిని వెళ్లేవాడు.

వాళ్లకు గాలి అందాలంటే పైనుంచి సొరంగంలోకి బోరు దించాలి. ఎక్కడ దించాలో చెప్పవలసింది సర్వేయర్లం, నేనూ సోడాబుడ్డీ. కళ్లద్దాల మందాన్ని బట్టి వాడికి వచ్చిన పేరది. కోణం ఎవరు చూసినా లెక్క ఇద్దరం విడివిడిగా కట్టి పోల్చుకోవడం మా పద్ధతి. ఆ రోజు వాడి పాత కాలిక్యులేటర్ మొరాయించింది. నాది వాడి చేతికిచ్చి నేను పరికరం దగ్గర నిలబడ్డాను.

"పన్నెండు డిగ్రీలు, నలభై అయిదు నిమిషాలు, ఇరవై సెకన్లు!" అని అరిచాను.

బోరు యంత్రం వాళ్లు అప్పటికే ఇంజిను వేసి తొందరపెడుతున్నారు. వాడు లెక్క కట్టి చూపిన చోట మేకు దిగింది, వెంటనే బోరూ దిగింది. సొరంగం లోతు దాటినా రాతిపొడే వచ్చింది.

"కాలిక్యులేటర్లో ఎలా కొట్టావురా?" అన్నాను.

"ఎప్పటిలాగే. పన్నెండు, పాయింటు, నలభై అయిదు, ఇరవై."

వాడి పాత యంత్రం పాయింటు తరవాతి అంకెలను నిమిషాలుగా, సెకన్లుగా చదువుకునేది. నాది చదవదు. ఒక్కో సంఖ్య తరవాత డిగ్రీ గుర్తున్న మీట నొక్కాలి. నలభై అయిదు నిమిషాలంటే ముప్పావు డిగ్రీ. నా యంత్రం దాన్ని పాయింటు నలభై అయిదు డిగ్రీగానే చదివి, అర డిగ్రీకి కూడా రానివ్వలేదు. నాలుగు వందల మీటర్ల దూరంలో ఆ తేడా రెండు మీటర్లు దాటింది. బోరు సొరంగం గోడకు మూరెడు పక్కన దిగింది.

"చంపేశాన్రా," అన్నాడు వాడు.

"నోరు మూసుకుని మళ్లీ కొట్టు. తరవాత నాకియ్యి, నేనూ కొడతా."

రెండో బోరు సొరంగంలో పడింది. గొట్టంలోకి నేనెవరో అరిచి చెప్పి, చెవి ఆనించాను. మావాడి జతగాడి గొంతు సన్నగా వినిపించింది.

"మీ బావమరిది ఇందాకే పోయాడన్నా. మొదటి బోరు చప్పుడు గోడ పక్కనే వినబడి ఆగిపోయింది. 'మా బావ పక్కింటి తలుపు కొడుతున్నాడ్రా, వస్తాడ్లే' అని నవ్వాడు. మళ్లీ పలకలేదు."

నవ్వాడు. ఆ ఒక్క మాట పట్టుకుని కాసేపు వంగే ఉన్నాను. తరవాత అడిగాను, "నీకు గాలి అందుతోందా తమ్ముడూ?"

"అందుతోందన్నా. హాయిగా ఉంది."

లేచేసరికి ఎదురుగా సోడాబుడ్డి. అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అవి లేకపోతే వాడికి ఎదుటివాడి ముఖం ఆనదు. నాకు అదే మేలయింది.

"ఒకడు బతికే ఉన్నాడు," అన్నాను.

"మరి మనవాడు?"

"లేడు."

"ఎప్పుడట?"

"కప్పు కూలినప్పుడేనట."

వాడు అక్కడే మట్టిలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. జతగాణ్ని పైకి తెచ్చాక, వీడికంటే ముందు నేను వెళ్లి అతన్ని కలవాలి.