లెక్కరోజు దాకా

తరగతిలో జనం చాలకపోతే తరగతి ఎత్తేస్తారు. లోయలోని ఆ చిన్న కాలేజీలో మనిషి బొమ్మ గీయడం నేర్పే తరగతిని నిరుడు అలాగే ఎత్తేశారు. అంతకు ముందటేడూ అంతే. ఇదాలియా తోస్తెకి బొమ్మల డిగ్రీలో మిగిలింది అదొక్కటే. తీరంలోని పెద్ద యూనివర్సిటీ ఆమెకు సీటు ఇచ్చింది, కానీ ఈ వేసవిలోపు ఆ ఒక్క తరగతీ పూర్తి చేసి రావాలని షరతు పెట్టింది. పూర్తి కాకపోతే సీటు పోతుంది.

తప్పు ఆమెదే. ఒదేత్ అత్త డెయిరీలో తెల్లవారకముందే ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి ఆవుల పాలు పితకాలి. ఆ రెండింటి మధ్య ఏ తరగతి దొరికితే అందులో చేరుతూ వచ్చింది. మట్టిపనిలో ఉన్న మెట్లన్నీ ఎక్కేసింది. బట్టల మీద రంగులు వేయడం నేర్చుకుంది. అద్దం ముక్కలు అతికించడం నేర్చుకుంది. తీరా చూస్తే యూనివర్సిటీ వాళ్ళు వాటిలో చాలావాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఇంటి అలమర నిండా కుండలు మిగిలాయి.

"వారం చివర్లో లెక్క తీస్తారు," అన్నాడు మేస్టారు గారబేదియన్, ఖాళీ బల్లల వంక చూస్తూ. "ఆ రోజు హాజరు పలికే గొంతులు ఇంకో మూడు కావాలి. ఆ రోజు దాటితే తరగతిని ఎవరూ కదపలేరు. ఎవరినైనా పట్టుకురా తల్లీ."

ఎవరిని పట్టుకురావాలి? తోటివాళ్ళంతా పనుల్లో ఉన్నారు. ఆలోచించి ఆలోచించి చివరికి అత్తనే అడిగింది. తల్లిదండ్రులు పోయాక పెంచింది ఆవిడే.

"ఊరికే వచ్చి కూర్చో అత్తా. నాకోసం."

"బొమ్మలా? నాకు గీత కూడా తిన్నగా రాదే."

"గీయకపోయినా ఫరవాలేదు."

ఒదేత్ తనతో చర్చి వంటగదిలో తీపి రొట్టెలు చేసే ఇద్దరు ఆడవాళ్ళని తీసుకొచ్చింది. దెయోలిందా లావుగా ఉంటుంది, నోరు ఆగదు. ఫిలొమేనా సన్నగా ఉంటుంది, నోరు తెరవదు. ముగ్గురూ పేర్లు రాయించుకున్నారు. ఆ తరగతిలో ఏం గీస్తారో ఇదాలియా చెప్పలేదు. చెబితే రారని తెలుసు.

లెక్కరోజున పొగమంచు కిటికీలకు అంటుకుని ఉంది. ముగ్గురూ సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. తెర వెనుక నుంచి ఒక ముసలాయన వచ్చి, పైన వేసుకున్న అంగీ విప్పి కుర్చీకి తగిలించి, ఒంటి మీద నూలుపోగు లేకుండా గది మధ్యనున్న అరుగు మీద నిలబడ్డాడు.

ఫిలొమేనా సిలువ గుర్తు వేసుకుంది. దెయోలిందా కళ్ళు మూసుకుంది, మళ్ళీ తెరిచింది.

"అయ్యో, చలేస్తుంది కదే ఆయనకి," అంది.

ఒదేత్ లేచి బయటికి నడిచింది. మిగిలిన ఇద్దరూ ఆవిడ వెంటే వెళ్ళారు. ఇదాలియా పరుగున నడవలోకి వచ్చింది.

"నాకు ఇలాంటిదని చెప్పావా నువ్వు?" అంది ఒదేత్.

"చెబితే వచ్చేదానివా?"

"ఆదివారం ఫాదర్ మొహం ఎలా చూడాలి? ఆయన్ని బట్టలు వేసుకోమను, కూర్చుంటాం."

"బట్టలేస్తే ఇది ఆ తరగతి కాదత్తా. యూనివర్సిటీ ఒప్పుకోదు."

"చర్చిలో సిలువ మీద ఆయనకు మాత్రం ఏం బట్టలున్నాయి," అంది దెయోలిందా.

"ఆయనకు నడుముకి గుడ్డైనా ఉంది. నువ్వు నోరు ముయ్యి."

లోపల గారబేదియన్ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అక్షరాల వరుసలో తోస్తె చివరికి వస్తుంది. పిలుపులకి పలికే గొంతులు పల్చగా వినిపిస్తున్నాయి.

"అత్తా, వాళ్ళు పిలుస్తున్నారు."

ఒదేత్ కదలలేదు. మేనకోడలి మొహంలోకి చూసింది. ఆవిడ కళ్ళు పశువుకి ఏం రోగమో కనిపెట్టేటప్పుడు ఎలా ఉంటాయో అలా ఉన్నాయి.

"నేను లోపలికొస్తే నువ్వు వెళ్ళిపోతావు. ఇక్కడే ఉంటే నువ్వూ ఉండిపోతావు. అంతేనా?"

వెళ్ళినా నెలకోసారి వస్తానందామనుకుంది ఇదాలియా. పాలు పితకడానికి పాలేరు చూయీ ఉన్నాడుగా అందామనుకుంది. చూయీకి మోకాళ్ళ నొప్పులని ఇద్దరికీ తెలుసు.

"అంతే," అంది చివరికి.

"కాదని ఒక అబద్ధం చెప్పలేకపోయావా పిల్లా? సుఖంగా ఇంటికి పోయేదాన్ని."

ఫిలొమేనా మొదటిసారి నోరు తెరిచింది. "నాకు కాళ్ళు పీకుతున్నాయి. లోపల కుర్చీలు బాగున్నాయి," అంది.

ఒదేత్ లోపలికి వెళ్ళింది. కుర్చీని బరబరా లాగి, గోడ వైపు తిప్పి, ముసలాయనకు వీపు పెట్టి కూర్చుంది. ఫిలొమేనా అలాగే చేసింది. దెయోలిందా మాత్రం కుర్చీని కొంచెం వాలుగా తిప్పుకుంది. తమ పేర్లు రాగానే ఆ ఇద్దరూ పలికారు.

"తోస్తె, ఒదేత్," అన్నాడు మేస్టారు.

"ఉన్నాను," అంది ఒదేత్, గోడతో.

లెక్క సరిపోయింది. తరగతి నిలిచింది. గారబేదియన్ ఇదాలియా వైపు చూసి తల ఊపాడు. ఆమె బొగ్గుముక్క చేతిలోకి తీసుకుంది. ఇన్నేళ్ళు ఎదురు చూసిన ఘడియ ఇదే కదా అనుకుంది. ముసలాయన భుజం కొలిచి ఒక గీత గీసింది. తుడిచింది. మళ్ళీ గీసింది. అరుగుకి ఆవల, ఆయన మోచేతి కింది నుంచి అత్త వీపు కనబడుతోంది. నల్లని స్వెట్టరు మీద ఎండుగడ్డి పరక ఒకటి అంటుకుని ఉంది. ఎటు తిరిగి కూర్చున్నా అదే కనబడుతోంది.

ఒదేత్ వెనక్కి తిరగకుండానే, ఇంట్లో మాట్లాడినంత గట్టిగా అడిగింది.

"ఆ మచ్చల ఆవు నువ్వు లేందే పాలివ్వదు. దాన్నేం చేయమంటావు?"

తరగతి మొత్తం ఆగి వింది. ముసలాయన కదలకుండా నిలబడే ఉన్నాడు.

"అమ్మెయ్ అత్తా," అంది ఇదాలియా.

ఇదాలియా బొగ్గు పట్టుకుని భుజం గీత మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తుడవలేదు. గీత వంకరగానే వచ్చింది.